బీరువాలోని తెలుగు పుస్తకాలకు పట్టీ: సొంత షీటా, లైబ్రరీథింగా, గుడ్‌రీడ్సా?

మీ బీరువాలో సగానికి పైగా తెలుగు పుస్తకాలే ఉంటే, "ఫోన్ కెమెరా చూపిస్తే చాలు, పుస్తకం వివరాలు దానంతటవే ఎక్కేస్తాయి" అన్న మాట నమ్మి ఏ యాప్‌నూ ఎంచుకోకండి. ఆ మాట అబద్ధం కాదు, ఇంగ్లిష్ పుస్తకాలకు నిజమే. మా ఇంట్లో పిల్లల ఇంగ్లిష్ పుస్తకాల అర మొత్తం ఒక్క పూటలో ఎక్కింది. పక్కనే ఉన్న తెలుగు అరకు నెల పట్టింది. ఏ సాధనం మంచిదని అడిగేవాళ్ళకు నేను చెప్పేది ఈ రెండో అర సంగతి దృష్టిలో పెట్టుకునే.

నేను ఈ పనిలోకి దిగిన కారణం చెప్పుకోవడానికి కాస్త సిగ్గుగానే ఉంటుంది. ఒక ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత కథల సంపుటి ఒకటి బేరమాడి కొన్నాను. ఇంటికొచ్చి అరలో పెట్టబోతే అదే పుస్తకం అప్పటికే రెండు ప్రతులున్నాయి. ఒకటి నాన్నది. రెండోది అంతకు ముందెప్పుడో నేనే, బహుశా అదే ఫుట్‌పాత్ మీద కొన్నది. దానికి తోడు మా అక్క డాలస్ నుంచి ఫోన్ చేసి "నాన్న పుస్తకాల్లో ఫలానాది ఉందేమో చూడరా" అన్నప్పుడల్లా నిచ్చెన వేసుకుని అటక ఎక్కాల్సి వచ్చేది. మొత్తం పదకొండు వందల చిల్లర పుస్తకాలు. పెద్ద లైబ్రరీ ఏమీ కాదు గానీ, ఏది ఉందో ఏది లేదో మనసులో గుర్తుంచుకునే లెక్క కూడా కాదు.

ఏ సాధనమైనా ముందుగా అడిగేది ఐఎస్‌బీఎన్. పుస్తకానికి ఆధార్ నంబరు లాంటిది. మన దేశంలో అచ్చయిన పుస్తకాలకు అది 978-81తో గానీ 978-93తో గానీ మొదలవుతుంది. 2007కు ముందు వచ్చిన పుస్తకాలైతే పది అంకెల పాత నంబరు ఉంటుంది. ఈ పద్ధతి అంతర్జాతీయ ప్రమాణంగా మారిందే 1970లో. అంటే నాన్న కాలేజీ రోజుల్లో కొన్న పుస్తకం మీద ఆ నంబరు ఉండే ప్రసక్తే లేదు. తర్వాత వచ్చినవాటిలోనూ రచయితలు సొంత ఖర్చుతో వేసుకున్న కవిత్వ సంపుటాలు, సాహితీ సంస్థలు వేసిన సభా సంచికలు, షష్టిపూర్తి అభినందన సంచికలు చాలా వరకు నంబరు లేకుండానే వచ్చాయి. ఇక వారపత్రికల్లో వచ్చిన సీరియల్ పేజీలు చింపి, కుట్టించి, బైండు చేయించుకున్నవి ఉంటాయి చూడండి, మా అమ్మ దాచినవి తొమ్మిది ఉన్నాయి. వాటికి ప్రచురణకర్తా లేడు, ముద్రణ సంవత్సరమూ లేదు, ఒక్కోదానికి చివరి రెండు వారాలూ లేవు. ఏ డేటాబేసులోనూ అలాంటి పుస్తకం ఉండదు. మన పట్టీలో మాత్రం ఉండి తీరాలి కదా.

అందుకే ఏ సాధనం ఎంచుకునే ముందైనా ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. ఏదో ఒక అరలోంచి వరసగా ఇరవై పుస్తకాలు తీయండి, ఏరకుండా. ఎన్నింటికి వెనక అట్ట మీద బార్‌కోడ్ ఉందో లెక్కపెట్టండి. పదిహేను దాటితే స్కానింగ్ యాప్ మీకు పనికొస్తుంది. అయిదారు దగ్గరే ఆగిపోతే మీరు చేతితో టైపు చేసుకోక తప్పదు. అప్పుడు "ఏది వేగంగా స్కాన్ చేస్తుంది" అని కాక, "నేను కష్టపడి కొట్టిన వివరాలను ఏది నా చేతిలో ఉంచుతుంది" అని చూసుకోవాలి.

సొంత షీటు

నా ఓటు ముందుగా గూగుల్ షీట్స్‌కే. అందంగా ఉండదు, అట్టల బొమ్మలు వరసగా కనిపించవు, ఎవరూ లైక్ కొట్టరు. కానీ తెలుగు పుస్తకానికి కావలసిన గడులు మనమే వేసుకోవచ్చు. ఒక ఫైల్లో కోటి గడుల దాకా పడతాయి. మన పుస్తకాలన్నీ కలిపినా పదిహేను వేలు దాటవు.

గడుల విషయంలో నేను చేసిన తప్పు మీరు చేయకండి. మొదట పేరు, రచయిత, ప్రచురణ అని మూడే పెట్టాను. నూట యాభై పుస్తకాలయ్యాక అది చాలదని తెలిసి మొదటికొచ్చాను. ఇప్పుడున్న గడులు ఇవి: పుస్తకం పేరు తెలుగులో, అదే పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, రచయిత పేరు అట్ట మీద ఉన్నట్టుగా, రచయిత పేరు నేను స్థిరపరచుకున్న రూపంలో, అనువాదకులు, ప్రచురణకర్త, మొదటి ముద్రణ ఏడాది, నా దగ్గరున్న ముద్రణ ఏడాది, ప్రక్రియ, బీరువా-అర నంబరు, ఎవరి దగ్గర ఉంది, గమనిక.

రచయిత పేరుకు రెండు గడులెందుకని అడుగుతారు. మన రచయితల పేర్లతో వచ్చే తంటా తెలిసినవాళ్ళు అడగరు. ఒక అట్ట మీద శ్రీశ్రీ అని, ఇంకో దాని మీద శ్రీరంగం శ్రీనివాసరావు అని ఉంటుంది. రావిశాస్త్రి, రాచకొండ విశ్వనాథశాస్త్రి ఒక్కరే. కొడవటిగంటి కుటుంబరావు కొన్నిచోట్ల కొ.కు. అయిపోతారు. ఇంటిపేరు పూర్తిగా రాసేవాళ్ళు, పొడి అక్షరాల్లో రాసేవాళ్ళు, అసలు రాయనివాళ్ళు. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టు కొడితే వరసలో పెట్టినప్పుడు ఒకే రచయిత నాలుగు చోట్ల తేలతాడు. స్థిర రూపం ఒకటి ఉంటే అన్నీ ఒక్కచోటికి వస్తాయి. ఏ రూపం పెట్టుకోవాలన్నది మీ ఇష్టం. నేను ఎక్కువమంది పిలిచే పేరునే పెట్టుకున్నాను.

ఇంగ్లిష్ అక్షరాల గడి కూడా దండగ కాదు. మా అక్క పిల్లలకు తెలుగు మాట్లాడ్డం వచ్చు, చదవడం రాదు. వాళ్ళు వెతకాలంటే అదే దారి. మనకైనా షాపులో నిలబడి ఫోన్లో గబగబా వెతకాల్సి వచ్చినప్పుడు తెలుగు కీబోర్డు మార్చుకునే ఓపిక ఉండదు.

టైపింగ్ విషయానికొస్తే, ఫోన్లో గూగుల్ వాళ్ళ కీబోర్డు జీబోర్డుకు తెలుగులో చెబితే రాసుకుంటుంది. పుస్తకాల పేర్లు బాగానే పడతాయి. ఇంటిపేర్ల దగ్గరే తడబడుతుంది, అవి చూసి దిద్దుకోవాలి. నేను అరను ముందు ఫోటో తీసుకుని, తర్వాత తీరిగ్గా కూర్చుని చెప్పుకుంటూ పోయేవాణ్ణి. మన సన్నపాటి పుస్తకాల్లో చాలావాటికి వెన్ను మీద పేరు ఉండదు కాబట్టి ఫోటోలో తెల్ల గీతలే కనిపిస్తాయి. వాటిని బయటికి తీసి అట్టలు పరిచి ఫోటో తీయాల్సిందే.

కంటికి కనపడని ఇంకో చిక్కు ఉంది. "ఫేస్‌బుక్", "హైదరాబాద్‌లో" లాంటి మాటలు కొట్టేటప్పుడు పొల్లు హల్లుకూ తర్వాతి అక్షరానికీ మధ్య కొన్ని కీబోర్డులు కనపడని అక్షరం ఒకటి పెడతాయి, రెండూ కలిసి ఒత్తుగా మారకుండా. మాట చివరి పొల్లు తర్వాత కూడా కొన్ని కీబోర్డులు దాన్ని పెడతాయి, మరికొన్ని పెట్టవు. చూడ్డానికి తేడా ఉండదు, వెతికితే మాత్రం దొరకదు. "పబ్లిషర్స్" అనే మాట దగ్గర నాకు ఇదే జరిగి, ఒకే ప్రచురణ సంస్థ రెండుగా కనిపించి బుర్ర తిన్నది. ప్రచురణకర్తల గడికి డ్రాప్‌డౌన్ పెట్టేస్తే గొడవ వదిలిపోతుంది. కొత్త పేరు ఒక్కసారే కొడతాం, తర్వాత నుంచి ఎంచుకోవడమే.

ప్రచురణకర్తల కేటలాగు పీడీఎఫ్‌లోంచి పేర్లు కాపీ చేసుకుందామనుకునేవాళ్ళకు ఒక మాట. వాటిలో చాలావి డీటీపీ వాళ్ళు అను ఫాంట్లలో కూర్చినవి, ఫోన్లూ సైట్లూ వాడే యూనికోడ్ కాదు. అతికిస్తే పిచ్చి గుర్తులు పడతాయి. మార్పిడి సాధనాలున్నాయి గానీ, యాభై పేర్ల కోసమైతే మళ్ళీ కొట్టుకోవడమే సులువు.

లైబ్రరీథింగ్

సైట్లలో పుస్తకాల పట్టీ కోసమే పుట్టినది ఇదే. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో టిమ్ స్పాల్డింగ్ అనే ఆయన 2005 ఆగస్టులో మొదలుపెట్టాడు. మొదట్లో 200 పుస్తకాల దాకానే ఉచితం, ఆ పైన డబ్బు కట్టాలి. 2020 నుంచి అందరికీ ఉచితం.

తెలుగు వాళ్ళకు ఇందులో రెండు విషయాలు నచ్చుతాయి. మొదటిది, ఇక్కడ మీ పుస్తకం వివరాలు మీవే. నేను ఒక పుస్తకానికి పేరు తెలుగు లిపిలో దిద్దుకుంటే నా పట్టీలోనే మారుతుంది. ఇంకొకరి పట్టీలో వాళ్ళు రాసుకున్నట్టే ఉంటుంది. అదే పుస్తకం మా ఇద్దరి దగ్గరా ఉందని మాత్రం సైటు కలిపి చూపిస్తుంది. గుడ్‌రీడ్స్‌లో అలా కాదు. అక్కడ పుస్తకం రికార్డు అందరికీ ఒకటే, దిద్దాలంటే లైబ్రేరియన్ హోదా ఉన్న వాలంటీర్లను అడగాలి. పై చూపుకు చిన్న తేడాలా ఉంటుంది గానీ, తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లో తలా ఒక తీరుగా రాసుకునే మనకు ఇదే పెద్ద తేడా.

రెండోది, ఇది వివరాల కోసం అమెజాన్ ఒక్కదాన్నే నమ్ముకోదు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌తో సహా ప్రపంచంలోని వేల లైబ్రరీల కేటలాగుల్లో వెతుకుతుంది. అమెరికా లైబ్రరీల్లో మన తెలుగు పుస్తకాలేం ఉంటాయి అనుకోకండి. పి.ఎల్. 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద మనకు గోధుమలిచ్చి, బదులుగా మన ప్రభుత్వం జమచేసిన రూపాయలతో 1962 నుంచి అమెరికా వాళ్ళు భారతీయ భాషల పుస్తకాలు కొని తమ యూనివర్సిటీ లైబ్రరీలకు పంపించుకున్నారు. లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఢిల్లీలో ఆఫీసే ఉంది. అందువల్ల ఊళ్ళో ఎవరికీ గుర్తులేని పాత కథల పుస్తకానికి అక్కడ శుభ్రమైన రికార్డు దొరకడం వింతేమీ కాదు. మన గోధుమల బాకీ మన పుస్తకాలకు కేటలాగు రాయించిపెట్టిందన్నమాట.

అయితే వెతకడంలో ఒక కిటుకు తెలియాలి. ఆ రికార్డులు లైబ్రేరియన్ల రోమన్ లిపిలో ఉంటాయి, మనం ఎస్సెమ్మెస్‌లో రాసే ఇంగ్లిష్‌లో కాదు. మనం "చ"కు సి, హెచ్ రెండూ రాస్తాం. వాళ్ళు ఒట్టి సి రాస్తారు. హెచ్ కలిపితే అది "ఛ" అవుతుంది. కాబట్టి చలం పుస్తకాలు "సి ఎ ఎల్ ఎ ఎం" అని కొడితే వస్తాయి, హెచ్ పెడితే రావు. "త"కు వాళ్ళు ఒట్టి టి రాస్తారు, మనకు అలవాటైన టి హెచ్ కాదు. దీర్ఘాలకు అక్షరం మీద గీత పెడతారు కాబట్టి రెండు ఇ-లు, రెండు ఓ-లు కొట్టకూడదు, "ఈ"కి ఒక్క ఐ, "ఊ"కి ఒక్క యు చాలు. ఈ మూడూ గుర్తుంటే చాలా పుస్తకాలు పట్టుబడతాయి.

దొరకని పుస్తకాన్ని చేతితో ఎక్కించుకోవచ్చు. అమ్మ బైండు సీరియల్స్ కూడా ఎక్కుతాయి, ఎవరూ ఇదేం పుస్తకమని అడగరు. ట్యాగులు మనకిష్టమైనవి పెట్టుకోవచ్చు. "నాన్న సంతకం ఉన్నవి" అని ఒక ట్యాగు పెట్టాను, అది మా ఇంట్లో అందరికీ ఇష్టమైన జాబితా. అప్పిచ్చినవి రాసుకునే చోటూ ఉంది. పోయినవాళ్ళ సొంత లైబ్రరీలను సభ్యులు కలిసి తిరిగి నమోదు చేసే సరదా పని కూడా అక్కడ నడుస్తుంది. అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ పుస్తకాలు అలా ఎక్కించినవే. మన పాత తరం రచయితల పుస్తకాల బీరువాలకు ఎవరైనా అలా చేస్తే బాగుండునని చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

లోటు ఏమిటంటే సైటు చూడ్డానికి పాతకాలం వాటంగా ఉంటుంది. ఎక్కడ ఏముందో తెలియడానికి వారం పడుతుంది. మన స్నేహితులెవరూ అక్కడ ఉండరు కూడా.

గుడ్‌రీడ్స్, దాని చుట్టాలు

స్నేహితులు ఉండేది ఇక్కడ. 2007 జనవరిలో జనానికి అందుబాటులోకి వచ్చింది, 2013లో అమెజాన్ కొనేసింది. ఎవరేం చదువుతున్నారు, ఎన్ని చుక్కలిచ్చారు, ఏం రాశారు, ఇదీ దాని ధ్యాస. తెలుగు పాఠకులు చాలాకాలంగా ఓపిగ్గా పుస్తకాలు ఎక్కిస్తున్నారు కాబట్టి పేరున్న నవలలు, కొత్తగా వస్తున్న కథా సంపుటాలు దొరుకుతాయి. అయితే ఒకే పుస్తకం తెలుగు లిపిలో ఒకటి, ఇంగ్లిష్ అక్షరాల్లో రెండు మూడు తీరుల్లో కనిపించడం మామూలే. చదివినవాళ్ళ అభిప్రాయాలు ఆ ముక్కల మధ్య చెదిరిపోయి ఉంటాయి. అరలో పెట్టుకునే ముందు ఏ రికార్డుకు ఎక్కువమంది పాఠకులున్నారో చూసి దాన్నే తీసుకోండి.

దాని మూడు మూల అరలు చూస్తేనే స్వభావం తెలుస్తుంది: చదివినవి, చదువుతున్నవి, చదవాలనుకుంటున్నవి. "నా దగ్గర ఉన్నవి" అన్నది వాటిలో లేదు. విడిగా అర చేసుకోవచ్చు, కానీ ఏ బీరువాలో ఉంది, ఏ ముద్రణ, ఎవరు పట్టుకెళ్ళారు అన్న ప్రశ్నలకు అది కట్టింది కాదు. ఇంట్లో ఉన్నవాటి పట్టీకి గుడ్‌రీడ్స్‌ను వాడటమంటే నాకు డైరీలో వంటింటి సామాన్ల లెక్క రాసుకోవడంలా ఉంటుంది. రాయొచ్చు, వెతుక్కోవడమే కష్టం. చదివిన పుస్తకాల గురించి నలుగురితో మాట్లాడ్డానికైతే దీన్ని కాదనడానికి ఏమీ లేదు.

స్టోరీగ్రాఫ్ కూడా అదే బాపతు. నదియా ఒడునాయో అనే ప్రోగ్రామర్ తయారుచేసింది. పావు చుక్క దాకా రేటింగులివ్వొచ్చు, గుడ్‌రీడ్స్ నుంచి మన జాబితా తెచ్చుకోవచ్చు. అమెజాన్ చేతిలో లేనిది కావాలనుకునే వాళ్ళకు బాగుంటుంది. తెలుగు అరకు అది అదనంగా చేసే మేలేమీ కనపడలేదు.

పిల్లల పుస్తకాలు, అపార్ట్‌మెంటు లైబ్రరీ

ఇక్కడ మాత్రం స్కానింగ్ యాప్‌కే నా ఓటు. లిబిబ్ అనే యాప్ ఉచిత ఖాతాలో 5,000 వస్తువుల దాకా పెట్టుకోవచ్చు, ఫోన్‌తో స్కాన్ చేసుకోవచ్చు, జాబితాను అందరికీ కనిపించే పేజీగా పెట్టొచ్చు. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకునే లెక్కకు మాత్రం డబ్బు కట్టే ఖాతా కావాలి. అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో రెండు అలమరల లైబ్రరీ నడిపేవాళ్ళు లైబ్రరీథింగ్ వాళ్ళదే అయిన టైనీక్యాట్‌ను కూడా చూడొచ్చు. సొంత వాడకానికి ఉచితం, సంస్థలకు రుసుము ఉంటుంది. 20,000 దాకా పుస్తకాలున్న చిన్న లైబ్రరీల కోసం చేసింది. కోహా లాంటి పెద్ద లైబ్రరీ సాఫ్ట్‌వేర్ జోలికి మాత్రం ఆ రెండు అలమరల కోసం వెళ్ళకండి. దాన్ని చూసుకోవడానికి ఒక మనిషి కావాలి.

ఫైళ్ళ రూపంలో ఉన్నవి

ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి దింపుకున్న పాత తెలుగు పుస్తకాల పీడీఎఫ్‌లు కంప్యూటర్లో గుట్టగా పడి ఉంటే పైన చెప్పినవేవీ సరిపోవు. వాటికి కాలిబర్. కోవిద్ గోయల్ 2006లో మొదలుపెట్టిన ఉచిత సాఫ్ట్‌వేర్. ఫైలు పేర్లు ఎంత అర్థంకాకుండా ఉన్నా, పుస్తకం పేరు, రచయిత తెలుగులో రాసుకుని వెతుక్కోవచ్చు. డిస్కు మీద ఫోల్డర్ల పేర్లను మాత్రం అది ఇంగ్లిష్ అక్షరాల్లోకి మార్చేస్తుంది, చూసి కంగారు పడకండి, లోపల తెలుగు అలాగే ఉంటుంది.

జాబితా పంచుకోవడం వేరు, ఫైళ్ళు పంచుకోవడం వేరు. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళ దాకా హక్కులుంటాయి. ఆ లోపలి పుస్తకాల స్కాన్లను గ్రూపుల్లో తిప్పడం, ఎంత మంచి మనసుతోనైనా, ఇంకా పుస్తకాలు అమ్ముకుంటున్న కుటుంబాల పొట్ట కొట్టడమే.

బయటికి వచ్చే దారి

షెల్ఫారీ అని ఒక సైటు ఉండేది. చెక్క అరల్లో అట్టలు పేర్చినట్టు చూడముచ్చటగా ఉండేది. అమెజాన్ 2008లో కొంది, 2016లో మూసేసి గుడ్‌రీడ్స్‌లో కలిపేసింది. నేను ఓ ఫోన్ యాప్‌లో నాలుగు వందల పుస్తకాలు ఎక్కించాక ఫోన్ మార్చాల్సి వచ్చింది. జాబితా ఫైలుగా బయటికి తీసుకునే వీలు దానిలో ఉచితంగా లేదని అప్పుడు తెలిసింది. అందుకని ఖాతా తెరిచిన రోజే, అయిదు పుస్తకాలు ఎక్కించి, వాటిని ఎక్స్‌పోర్ట్ చేసి చూడండి. గుడ్‌రీడ్స్ సీఎస్‌వీ ఫైలు ఇస్తుంది. లైబ్రరీథింగ్ ఇంకా ఎక్కువ రూపాల్లో ఇస్తుంది, లైబ్రరీలు వాడే మార్క్ రూపంతో సహా.

ఆ ఫైలును ఎక్సెల్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే తెలుగంతా పోయి ఏవో యూరప్ అక్షరాలు కనిపించవచ్చు. గుండె గుభేలుమంటుంది. డేటా పోలేదు, ఎక్సెల్ తప్పుగా చదివిందంతే. అలాగే సేవ్ చేశారో, అప్పుడు నిజంగానే పోతుంది. మూసేసి, గూగుల్ షీట్స్‌లోకి దిగుమతి చేసుకోండి, లేదా ఎక్సెల్‌లోనే డేటా మెనూ నుంచి యూటీఎఫ్-8 ఎంచుకుని తెరవండి. పదమూడు అంకెల ఐఎస్‌బీఎన్‌ను 9.78ఇ+12 అని కుదించేయడం ఎక్సెల్‌కు ఇంకో అలవాటు. ఆ గడిని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోవాలి.

ఇంకొకటి. ఒక సైటు నుంచి ఇంకో సైటుకు మారేటప్పుడు దిగుమతులు ముఖ్యంగా ఐఎస్‌బీఎన్ ఆధారంగానే నడుస్తాయి. నంబరు లేని తెలుగు పుస్తకాలు దారిలో రాలిపోతాయి. మొదటి పట్టీ షీటులో ఉండాలని నేను పట్టుబట్టేది అందుకే. ముందు షీటు, దానిలోంచి నలుగురికీ చూపించాలనుకున్నవి సైటులోకి. తిరగేసి చేస్తే కష్టపడతారు.

చూపించేది ఎంత

పట్టీ పంచుకోవడం మొదలుపెట్టాక తెలిసొచ్చింది, "ఎవరి దగ్గర ఉంది" అన్న గడి అందరికీ చూపించదగినది కాదని. పుస్తకం తీసుకుని ఆరేళ్ళయినా ఇవ్వని మనిషి పేరు చుట్టాల వాట్సాప్ గ్రూపులో కనపడితే ఆ పుస్తకమే కాదు, ఆ చుట్టరికమూ తిరిగిరాదు. గడిని దాచిపెడితే సరిపోతుందనుకోకండి. షీటు చూసే వీలున్నవాళ్ళు దాన్ని కాపీ చేసుకుని, దాచిన గడిని తెరిచేయగలరు. వేరే ఫైలు ఒకటి తెరిచి, ఇంపోర్ట్ రేంజ్ అనే ఫార్ములాతో అందరూ చూడదగిన గడులను మాత్రమే అందులోకి తెచ్చుకుని, ఆ రెండో ఫైలు లింకు పంపాలి. నాలుగు నిమిషాల పని. నా చూపించే ఫైల్లో "ఇంట్లో ఉంది", "బయట ఉంది" అన్న రెండు మాటలే కనిపిస్తాయి, పేర్లుండవు.

సైట్లలోనూ ఖాతా సెట్టింగులు చూసుకోవాలి. లైబ్రరీథింగ్ ఖాతాను పూర్తిగా మన వరకే ఉంచుకోవచ్చు. పేరు బదులు మారుపేరు పెట్టుకోవడం, ఊరు రాయకపోవడం మేలు. పాత పుస్తకాల్లో అరుదైనవి ఉంటే వాటి ధర రాసుకున్న గడి అసలు బయట పెట్టకండి.

ఎవరికి ఏది అన్నది ఇప్పుడు మీకే తెలిసి ఉంటుంది. నావి రెండు మాటలు. పుస్తకాలు రెండు వందల లోపు ఉండి, చదివినదాని గురించి మాట్లాడుకోవడమే ముఖ్యమైతే గుడ్‌రీడ్స్ ఒక్కటి చాలు, షీటు శ్రమ దండగ. పెద్దవాళ్ళ బీరువా మీ చేతికొచ్చి, దాన్ని తోబుట్టువులంతా చూసుకోవాలంటే షీటు, తీరిక ఉంటే దాని మీద లైబ్రరీథింగ్. నేనిప్పుడు రెండూ నడుపుతున్నాను. షీటులో పదకొండు వందలూ ఉన్నాయి. లైబ్రరీథింగ్‌లో ఆరు వందల దాకా ఎక్కాయి. మిగతావి వర్షాకాలం ఆదివారాల కోసం ఉంచాను.

కిందటి నెల అక్క ఫోన్ చేయలేదు. లింకు తెరిచి తనే వెతుక్కుని, వాట్సాప్‌లో ఒక్క వాక్యం పెట్టింది: "నాన్నకిష్టమైన ఆ యాత్రల పుస్తకం బయట ఉంది అని చూపిస్తోంది, ఎవడికిచ్చావురా?" నా ఫైలు తెరిచి చూశాను. ఆ గడిలో తన పేరే ఉంది, తారీఖుతో సహా.